మీరే రాసుకు రండి

నేల జీవశాస్త్రం అని ఆ యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటు ఉంది. ఉన్న సంగతి అందులో చదివేవాళ్లలోనే సగంమందికి గుర్తుండదు. మెయిన్ బిల్డింగు చుట్టూ తిరిగి, కెమిస్ట్రీ ల్యాబు మురుగుకాలవని ఒక్క గెంతు గెంతి దాటి, సైకిల్ స్టాండు పక్కనుంచి లోపలికి వెళ్తే రెండు గదులు, ఒక వరండా, వరండాలో పన్నెండు గులాబీ కుండీలు. కుండీలు హెడ్డుగారివి. ఆ మాటకొస్తే గదులూ ఆయనవే, డిపార్ట్‌మెంటూ ఆయనదే. కాకపోతే రోజూ నీళ్లు పోసి చూసుకునేది మాత్రం కుండీల్నే.

అమ్మడు అక్కడ చివరి ఏడాది చదువుతోంది. అసలు పేరు వేరే ఉంది. ఇంట్లో అందరూ అమ్మడూ అంటారు, క్లాసులో వానపాముల పిల్ల అంటారు, హెడ్డుగారు ఎప్పుడైనా ఎదురుపడితే "ఏయ్ అమ్మాయ్, పక్కకి జరుగు" అంటారు. మూడిట్లోకీ ఆ పిల్లకి నచ్చింది రెండోదే. మూడేళ్లుగా ప్రతి మంగళవారం, ఊరు ఇంకా పళ్లు తోముకుంటుండగానే, సైకిలు మీద వచ్చి క్యాంపస్‌లో తను ఎంచుకున్న ఇరవై చోట్ల జానెడు లోతు గొయ్యి తవ్వి, వానపాముల్ని లెక్కపెట్టి, మళ్లీ మన్ను కప్పి నోటుబుక్కులో రాసుకునేది. వాన పడినా మంగళవారమే, పరీక్షున్నా మంగళవారమే. ఎనిమిది నోటుబుక్కులు నిండాయి. కెమిస్ట్రీవాళ్ల కాలవ పొంగే వైపు వానపామన్నదే లేకుండా పోతోందని, ఆ చావు నెలకి ఎన్ని అడుగుల చొప్పున ఇవతలికి జరుగుతోందో గళ్లు గీసి మరీ పెట్టింది. ఆ నోటుబుక్కుల్ని తెరిచి చూసిన మనిషి డిపార్ట్‌మెంటు మొత్తానికి ఒక్కడే. అటెండరు.

అటెండర్ని అమ్మడు బాబాయ్ అని పిలుస్తుంది. చుట్టరికమేమీ లేదు. మొదటి మంగళవారం పార అడిగితే ఎందుకూ ఏమిటీ అనకుండా ఇచ్చాడు, దాంతో బాబాయ్ అయిపోయాడు. ఆయనకి ఒక జబ్బుంది. చేతికొచ్చిన కాయితం చదవకుండా వదల్లేడు. సర్క్యులరయినా, సమోసా చుట్టిన పేపరయినా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివితే గానీ ఆయనకి ఊపిరాడదు. ఆ డిపార్ట్‌మెంటులో ఈ జబ్బు ఇంకెవరికీ అంటుకోలేదు.

సరే, అమ్మడికి స్కాలర్‌షిప్పు సంగతి ఎలా తెలిసిందంటే, యూనివర్సిటీవాళ్లు చెబితే మాత్రం కాదు. విదేశీ చదువుల విభాగం అని మెయిన్ బిల్డింగులో ఒక గది ఉంది. దాని బయట అద్దాల నోటీసు బోర్డు ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి ఎవరిదగ్గరుందో ఎవరికీ తెలీదు. అద్దం వెనక మూడేళ్ల కిందటి స్కాలర్‌షిప్పులు ఎండకి వెలిసిపోయి భద్రంగా ఉన్నాయి. లోపల కూర్చున్న గుమాస్తాని అడిగితే, "బోర్డు చూసుకో" అన్నాడు. బోర్డులో ఉన్నవి గడువు దాటిపోయాయి కదండీ అంటే, "మరి ఆలస్యంగా వస్తే ఎలా?" అని కసిరాడు.

అమ్మడు ఇక సొంతంగా వెతుక్కుంది. తను భక్తిగా చదివే వానపాముల వ్యాసాలన్నీ ఒకే మేడం రాసినవి. ఆ మేడం ఎక్కడో సముద్రాల అవతల ఒక పరిశోధన సంస్థలో ఉంది. ఆ సంస్థ ఏడాదికి ఒక్క విద్యార్థిని పిలిపించుకుంటుంది. విమానం, వసతి, తిండి అన్నీ వాళ్లవే. చివరి ఏడాది చదివేవాళ్లకి మాత్రమే. అంటే అమ్మడికి ఇదే మొదలు, ఇదే ఆఖరు.

ఇంట్లో చెప్పింది. నాన్నది వాచీలు బాగుచేసే కొట్టు, అమ్మ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఇద్దరూ పని ఆపి విన్నారు. అమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటూ, "వానపాముల్ని చూడ్డానికి అంతదూరం ఎందుకే, పెరట్లో లేవా?" అంది. తర్వాత కాస్త మెత్తబడి, "సరే, ఈ ఒక్కసారికి చూడు. రాకపోతే మాత్రం వానపాముల్ని వదిలేసి బ్యాంకు కోచింగులో చేరాలి. మాటివ్వు" అంది. అమ్మడు మాటిచ్చింది.

మావయ్యకి ఈ సంగతి తెలిసి ఊరుకోలేదు. అమ్మకి తమ్ముడు, అన్నీ తెలిసినవాడు, పనేమీ లేనివాడు. "మనకి మనం అప్లై చేసుకోవడమేంటే పిచ్చిమొహమా, దానికి మనుషులుంటారు" అని ఒక కన్సల్టెన్సీకి లాక్కెళ్లాడు. అక్కడ బల్లమీద బొమ్మ విమానం, గోడమీద మంచులో నవ్వుతున్న పిల్లలు, వాళ్లకింద కోటు వేసుకున్న కౌన్సిలరు.

"ఏం చదువుతున్నావమ్మా?" అన్నాడు కౌన్సిలరు.

"వానపాముల మీద చేస్తున్నానండి."

ఆయన కంప్యూటర్లో టకటకా కొట్టి చూశాడు. "వానపాములకి డిమాండు లేదమ్మా. బిజినెస్ అనలిటిక్స్ రాసేద్దాం."

"నాకు ఒక ప్రోగ్రాము తెలుసండి. దానికి ఫారం ఎలా నింపాలో చెప్తారా?" అని అమ్మడు సంస్థ పేరు చెప్పింది. ఆయన మళ్లీ టకటకా కొట్టాడు. మొహం మాడిపోయింది.

"ఇది ఫ్రీ కదమ్మా. ఫ్రీవి మేం చెయ్యం."

బయటికొచ్చాక మావయ్య, "చూశావా, ఎంత నిజాయితీగా చెప్పాడో!" అని మురిసిపోయాడు.

ఫారం అమ్మడే నింపుకుంది. తన లెక్కలన్నీ నాలుగు పేజీల్లో పెట్టింది. ఒక్క గడి దగ్గర ఆగిపోయింది. *మిమ్మల్ని, మీ పనిని బాగా ఎరిగిన అధ్యాపకుడి సిఫారసు లేఖ. డిపార్ట్‌మెంటు హెడ్డు సంతకం తప్పనిసరి.*

ఇంతలో ఇంకో తమాషా జరిగింది. మంచి సంగతి తెలిసినప్పుడు నలుగురికీ చెప్పాలనుకునే రకం అమ్మడు. ఆ ప్రకటనని ప్రింటు తీసి, తాళం వేసిన బోర్డు అద్దం మీద బయటనుంచి అంటించింది. విమానం, వసతి, తిండి అన్న ముక్క చదవగానే, వానపాముని చూస్తే కుర్చీ ఎక్కి అరిచేవాళ్లకి కూడా వానపాముల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. క్లాసులోంచి ఐదుగురు అప్లికేషన్లు పెట్టారు. వాళ్లలో ఒకడు అమ్మడి దగ్గరికొచ్చి, "వానపాముకి కాళ్లెన్ని?" అని అడిగిపోయాడు.

ఆ ఐదుగురికీ సిఫారసు లేఖ సమస్యే కాలేదు. గేటు బయట జిరాక్సు కొట్టు ఉంది. కొట్టతను అడక్కుండానే, "హెడ్డుగారి లెటరా? ఫార్మాట్ నంబరు నాలుగు" అని తీసిస్తాడు. *నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంతటి ప్రతిభ గల విద్యార్థిని / విద్యార్థినిని (అక్కర్లేనిది కొట్టేయండి) నేను చూడలేదు* అని మొదలవుతుంది అది. ఆ ఫార్మాటు పుట్టి పదకొండేళ్లయినా హెడ్డుగారి సర్వీసు ముప్పై దగ్గరే ఆగిపోయింది. ఐదుగురూ పేర్లు నింపుకున్నారు. ఒకడు అక్కర్లేనిది కొట్టెయ్యడం కూడా బద్ధకించి అలాగే ఇచ్చేశాడు.

అమ్మడికి మాత్రం హెడ్డుగారిని స్వయంగా అడగాలనిపించింది. పిచ్చిది. సోమవారం వెళ్లేసరికి ఆయన గులాబీకొమ్మ కత్తిరిస్తున్నారు.

"సార్, సిఫారసు లెటరు కావాలి సార్."

"ఎవరు నువ్వు? బోటనీయా?"

"మన డిపార్ట్‌మెంటే సార్. మూడేళ్లయింది."

"అలాగా!" అన్నారు ఆయన, ఆ సంగతి తన దగ్గర ఎందుకు దాచారన్నట్టు. "లెటరేగా. నువ్వే రాసుకురా. గురువారం సంతకాలు పెడతాను."

"మీరు నా పని చూసి రెండు మాటలు రాస్తే బాగుంటుంది సార్. నోటుబుక్కులు తెచ్చాను."

హెడ్డుగారు ఆ ఎనిమిది నోటుబుక్కుల్నీ మీదనుంచి కిందిదాకా ఒకసారి చూసి, ఖాళీగా ఉన్న చోటు ఏదైనా ఉందేమోనని చుట్టూ చూసి, "నీ గురించి నాకెలా తెలుస్తుందమ్మా? నీ గురించి నీకే బాగా తెలుస్తుంది. నువ్వే రాసుకో" అని కత్తెర అందుకున్నారు.

అమ్మడు ఆ సాయంత్రం నాన్న కొట్లో బల్లముందు కూర్చుని కాయితాలు చింపుతూనే ఉంది. 'ఈ అమ్మాయి చాలా తెలివైనది' అని రాస్తే సిగ్గేసింది. 'కష్టపడే మనస్తత్వం గలది' అని రాస్తే ఇంకా సిగ్గేసింది.

"నువ్వు మంచిదానివని రాసుకోవడానికి ఏంటే అంత నొప్పి?" అన్నాడు నాన్న, కంటికి బిగించిన భూతద్దం తియ్యకుండా.

"నేను రాసుకుంటే అది ఆయన మాట ఎలా అవుతుంది నాన్నా?"

నాన్న చేతిలో వాచీకి మూత బిగించాడు. "నిజమే. వాచీ బాగుచేశానని నేను చెబితే ఎవడు నమ్ముతాడు? పెట్టుకుతిరిగేవాడు చెప్పాలి" అన్నాడు.

ఆ మాటతో అమ్మడికి ఒళ్లు మండింది. నాన్న మీద కాదు. మూడేళ్లు మన్ను తవ్వి, చివరికి తనని తాను పొగుడుకుంటూ ఇంకొకడి గొంతుతో మాట్లాడాల్సి వచ్చినందుకు. కొత్త కాయితం తీసుకుని, ఒక్క కొట్టివేత లేకుండా, గబగబా రాసేసింది. మర్నాడు మంగళవారం. గోతులన్నీ అయ్యాక బాబాయ్‌కి ఇచ్చి, "కసి తీరడానికి రాశాలే బాబాయ్, చదివి చింపెయ్" అంది.

చదవమంటే వదిలేస్తాడా ఆయన! గట్టు మీద కూర్చుని చదివాడు. ఇదీ ఆ ఉత్తరం:

*"అయ్యా, ఈ అమ్మాయి నా డిపార్ట్‌మెంటులో మూడేళ్లుగా చదువుతోంది. ఈ సంగతి నాకు మొన్న సోమవారం తెలిసింది, అదీ ఆమే చెబితే. ఆమె తెలివైనదో కాదో నాకు తెలీదు. పక్కకి జరగమనడం తీసేస్తే, ఆమెతో నేను మొత్తం రెండుసార్లు మాట్లాడాను. మొదటిసారి, నా గులాబీ కుండీల్లో వానపాములు కనిపిస్తే చీడపురుగులనుకుని మందు కొట్టించబోయాను. ఆమె వచ్చి వాటిని డబ్బాలో ఏరుకుపోయింది. నేను నేల జీవశాస్త్రం హెడ్డుని. రెండోసారి, ఈ లెటరు కోసం వచ్చింది. నువ్వే రాసుకురమ్మన్నాను. రాసుకొచ్చింది. నేను చదవలేదు. చదివుంటే సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఆమె ప్రతి మంగళవారం ఏం చేస్తుందో తెలిసిన మనిషి ఈ డిపార్ట్‌మెంటులో ఒకడున్నాడు. మా అటెండరు. అతన్ని అడగండి. నంబరు కింద ఇస్తున్నాను."*

బాబాయ్ రెండోసారి కూడా చదివాడు. తర్వాత అడిగాడు. "అమ్మడూ, ఇందులో ఒక్క అబద్ధమైనా ఉందా?"

"లేదు."

"మరి సంతకానికి ఏం అడ్డు?"

"బాబాయ్! ఆయన చదివాడంటే నన్ను గెంటేస్తాడు. నిన్ను కూడా."

"చదివితే కదా" అన్నాడు బాబాయ్, కాయితాన్ని నలగకుండా నోటుబుక్కులో పెట్టుకుంటూ.

హెడ్డుగారి గురువారం సంతకాలకి ఒక పద్ధతుంది. కాయితాల్ని విడివిడిగా ఇస్తే ఆయనకి చిరాకు. అందుకని బాబాయ్ వాటిని ఇంటికప్పు మీద పెంకులు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి పరుస్తాడు. ప్రతి కాయితానికీ అడుగున సంతకం పెట్టేంత చోటు మాత్రమే బయటికి కనిపిస్తుంది. ఆయన పైనుంచి కిందికి పెన్ను లాక్కుంటూ పోతారు. ఇరవై కాయితాలు రెండు నిమిషాలు. ఆ గురువారం ఆయన ఫోనులో ఎవరికో గులాబీలకి వేసే ఎరువు గురించి చెబుతూ ఐదు సంతకాలు పెట్టి, ఆరోదాని దగ్గర పెన్ను ఆపారు. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మడు ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇదేంటయ్యా, దీనికి సంతకం చోటు చిన్నగా ఉంది?" అన్నారు ఫోను చెవినుంచి తియ్యకుండా.

"కాయితం పొదుపు సార్, సర్క్యులరొచ్చింది" అన్నాడు బాబాయ్. సర్క్యులరు నిజంగానే వచ్చింది. దాన్ని చదివింది ఆయనొక్కడే.

"మంచిది" అని హెడ్డుగారు ఆరో సంతకం కూడా పెట్టేసి, "ఆ, ఎముకల పొడి కూడా వెయ్యాలండీ" అని ఫోనులోకి వెళ్లిపోయారు.

ఉత్తరం సీలు పడి, సముద్రాలు దాటిపోయింది. అమ్మడు ఇంటికెళ్లి బ్యాంకు కోచింగు పుస్తకం తెరిచి కూర్చుంది. ఇక వచ్చేది లేదని మనసులో రాసేసుకుంది.

నెల తర్వాత బాబాయ్‌కి ఫోనొచ్చింది. అవతల ఆ మేడం, మధ్యలో ఆమె మాటని తెలుగులోకి మార్చి చెప్పే మనిషి. ముప్పావుగంట మాట్లాడారు. ఏమడిగారు, ఏం చెప్పావు అని అమ్మడు ప్రాణం తీస్తే, బాబాయ్ తల గోక్కుని, "పార పట్టుకోవడం వచ్చా అన్నారు. వచ్చన్నాను. ఎంత క్రమం తప్పకుండా వస్తుంది అన్నారు. ఆ పిల్ల సైకిలు స్టాండులో కనపడితేనే నాకు ఆ రోజు మంగళవారమని తెలుస్తుందండీ, నేను క్యాలెండరు చూసుకోను అన్నాను" అని చెప్పాడు.

ఇంకో పదిహేను రోజులకి ఎంపిక ఉత్తరం వచ్చింది. అమ్మ ఆ కాయితం పట్టుకుని, చదవడం రాని దానిలా తిప్పి తిప్పి చూసి, మిషను మీద తలపెట్టుకుని ఏడ్చేసింది. మావయ్య వీధిలో అందరికీ, "మా కన్సల్టెన్సీవాడే దారి చూపించాడు" అని చెప్పుకున్నాడు.

ఆ ఉత్తరం కాపీ ఒకటి వైస్ ఛాన్సలరుకి కూడా వెళ్లింది. అందులో ఒక వాక్యముంది. *మీ డిపార్ట్‌మెంటు హెడ్డు రాసిన సిఫారసు లేఖ వంటిది మా కమిటీ ఇంతవరకూ చూడలేదు. ఆ లేఖ వల్లనే ఈ అప్లికేషన్ని ప్రత్యేకంగా పరిశీలించాం.* ఇంకేముంది! హెడ్డుగారి కాళ్లు నేలమీద నిలవలేదు. అంతవరకూ బోటనీ పిల్లయిన అమ్మడు ఒక్కసారిగా 'మా అమ్మాయి' అయిపోయింది. అభినందన సభ అన్నారు. ఆడిటోరియం కడిగించారు. అమ్మడు వెళ్లడానికి డిపార్ట్‌మెంటుకి అభ్యంతరం లేదని హెడ్డు సంతకం చెయ్యాల్సిన కాయితం ఒకటి మిగిలింది. అది లేకపోతే వీసా లేదు. దానికోసం వెళ్తే హెడ్డుగారు, "తొందరేంటమ్మా, స్టేజీ మీద, అందరిముందూ పెడతాను" అన్నారు.

సభలో వైస్ ఛాన్సలరు మాట్లాడారు, హెడ్డుగారు తన సర్వీసు గురించి మాట్లాడారు, మధ్యలో పూలగుత్తులు. అమ్మడు చివరి కుర్చీలో కూర్చుని కాయితం చేతిలోకొచ్చే క్షణం కోసం చూస్తోంది. అప్పుడు వైస్ ఛాన్సలరుకి బుద్ధి పుట్టింది.

"ఇంతకీ ఆ లెటరేదో మాకు కూడా వినిపించండి. విదేశీయులు అంత మెచ్చుకున్నారంటే మన పిల్లలు వినాలి కదా."

"తప్పకుండా సార్! ఏదో నాకు తోచింది నాలుగు ముక్కలు రాశాను" అని హెడ్డుగారు సిగ్గుపడి, "ఏవయ్యా, ఫైల్లోంచి ఆఫీసు కాపీ తీసుకురా. నా నోటితో నేను చదువుకోవడం బాగోదు, నువ్వే చదువు" అని బాబాయ్‌కి చెప్పారు.

బాబాయ్ ఫైలు పట్టుకుని వచ్చి మైకు ముందు నిలబడ్డాడు. అమ్మడు వద్దని తల అడ్డంగా ఊపింది. వేరే ఏదైనా చదువు, ఫార్మాట్ నంబరు నాలుగు చదువు, నీకు కంఠతా వచ్చు కదా అని కళ్లతోనే బతిమాలింది. బాబాయ్ ఆ పిల్లవైపు చూశాడు, కాయితం వైపు చూశాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు చదవడం తప్ప ఇంకోటి ఆయన జన్మలో చెయ్యలేదు.

"అయ్యా, ఈ అమ్మాయి నా డిపార్ట్‌మెంటులో మూడేళ్లుగా చదువుతోంది. ఈ సంగతి నాకు మొన్న సోమవారం తెలిసింది..."

మొదటి వరసలో నవ్వు మొహాలు నవ్వు మొహాలుగానే బిగుసుకుపోయాయి. గులాబీ కుండీల దగ్గరికొచ్చేసరికి వెనక బెంచీల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. 'నేను నేల జీవశాస్త్రం హెడ్డుని' అన్నచోట హాలంతా గొల్లుమంది. 'నేను చదవలేదు. చదివుంటే సంతకం పెట్టేవాణ్ణి కాదు' అన్నచోట మళ్లీ నిశ్శబ్దం. హెడ్డుగారి మొహంలో రంగులు మారుతున్నాయి. ఇది నాది కాదు అందామంటే, మరి సంతకం ఎవరిదని అడుగుతారు. చదవకుండా పెట్టానందామంటే, ఇన్నేళ్లుగా పెట్టినవన్నీ ఏమిటని అడుగుతారు.

ఆయన్ని గట్టెక్కించింది వైస్ ఛాన్సలరే. పాపం ఆ పెద్దాయనకి వ్యంగ్యం ఏనాడూ అర్థం కాలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఏం నిజాయితీ! ఏం ఆత్మవిమర్శ! మన వ్యవస్థ లోపాన్ని తనమీద వేసుకుని ఎంత ధైర్యంగా రాశారండీ!"

"అవును సార్" అన్నారు హెడ్డుగారు. "నేనే రాశాను."

తర్వాత అభ్యంతరం లేదన్న కాయితం తెచ్చి ముందు పెట్టారు. హెడ్డుగారు జేబులోంచి కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, ఆ అరపేజీని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఇంకోసారి, వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చదివారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చదివి పెట్టిన మొదటి సంతకం అదే. సభ మొత్తం ఆ ఆరు నిమిషాలూ చూస్తూ కూర్చుంది.

సోమవారానికల్లా బాబాయ్‌కి ఆర్డరొచ్చింది. పరిపాలనా సౌలభ్యం కోసం సైకిల్ స్టాండుకి మార్చారు. అమ్మడు పరుగెత్తుకుంటూ వెళ్తే ఆయన రేకుల షెడ్డు కింద స్టూలు వేసుకుని, టోకెన్ల వెనక అచ్చేసిన కంపెనీ పేరు చదువుకుంటున్నాడు.

"నావల్లే బాబాయ్" అని ఏడ్చింది.

"నోర్ముయ్. ఇక్కడ గాలి బాగా తగుల్తోంది" అన్నాడాయన. నవ్వాడు గానీ, ఆ నవ్వు అతికినట్టు లేదు. ఇరవై ఆరేళ్లు ఆ ల్యాబు తాళాలు ఆయన మొలకే వేలాడాయి. "నోటుబుక్కులు నాకిచ్చి వెళ్లు. ఎవరైనా అడిగితే ఇస్తాను."

"ఎవరడుగుతారు?" అంది అమ్మడు. అయినా ఎనిమిదీ ఇచ్చేసి వెళ్లింది.

అవతల ఏడాది ఇట్టే తిరిగింది. మేడం ల్యాబులో అమ్మడికి సొంత బల్ల, సొంత సూక్ష్మదర్శిని, ఒంటినిండా మట్టి. ఇక్కడ హెడ్డుగారికి మంచి పేరొచ్చింది. 'విద్యారంగంలో నిజాయితీ' అని ఊరూరా ఉపన్యాసాలు. జిరాక్సు కొట్టతను కూడా ఊరుకుంటాడా? ఆఫీసు కాపీకి కాపీ సంపాదించి ఫార్మాట్ నంబరు ఐదు తయారుచేశాడు.

కొత్త అప్లికేషన్లు వచ్చిన రోజు మేడం అమ్మడిని గదిలోకి పిలిచింది. బల్లమీద ఏడు సిఫారసు లేఖలు పరిచి ఉన్నాయి. ఏడింటికీ ఒకే సంతకం. ఏడింట్లోనూ ఈ అమ్మాయి/అబ్బాయి తన డిపార్ట్‌మెంటులో ఉన్న సంగతి హెడ్డుగారికి మొన్న సోమవారమే తెలిసింది. ఏడుగురూ గులాబీ కుండీల్లోంచి వానపాముల్ని డబ్బాలో ఏరుకుపోయినవాళ్లే.

"మీ హెడ్డుగారు అంత నిజాయితీపరుడు కదా. వీటిలో ఏది నిజమో నాకు అర్థం కావడం లేదు" అంది మేడం.

అమ్మడికి ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేక కుర్చీ పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడు పేర్లూ మళ్లీ చూసింది. ఆ ఏడుగురిలో ఎవరైనా నిజంగా మన్ను తవ్వినవాళ్లుంటే? వాళ్లకీ ఇదే ఆఖరి అవకాశమైతే?

"కుండీల సంగతి కాదండీ" అంది కళ్లు తుడుచుకుని. "కానీ ఆయనకి వీళ్లెవరూ తెలీదన్న మాట మాత్రం ఏడింట్లోనూ నిజం."

"మరి అటెండర్ని అడగమని ఉంది?"

"ఆయన్ని సైకిల్ స్టాండుకి మార్చేశారండి. ల్యాబులో ఎవరేం చేస్తున్నారో ఇప్పుడాయనకి తెలిసే వీల్లేదు."

మేడం "అయినా అడుగుదాం" అని ఫోను జరిపింది. అక్కడ అప్పుడు మధ్యాహ్నం. రేకుల షెడ్డు కింద సైకిలు గంటలు వినిపిస్తుండగా బాబాయ్ ఎత్తాడు. అమ్మడు ఏడు పేర్లూ చదివింది.

"ఆ పేర్లేవీ నాకు తెలీదమ్మడూ. ఎలా తెలుస్తాయి, నేను గుమ్మం బయటున్నవాణ్ణి" అన్నాడు బాబాయ్. మేడం పెన్ను మూత పెట్టబోయింది.

"ఆగు, పెట్టెయ్యకు" అన్నాడు బాబాయ్. "మొన్న చలికాలం నుంచి నాకు మళ్లీ మంగళవారం ఎప్పుడొస్తుందో తెలుస్తోంది. తెల్లారేసరికి స్టాండులో ఒకటే సైకిలుంటుంది. నీ నోటుబుక్కులు కూడా ఆ పిల్లే అడిగి పట్టుకెళ్లింది. పేరు అడగలేదు, టోకెను నంబరు చెప్పనా?"